పాత మోటారుకు కొత్త నట్లు

"మంగళవారం పొద్దున మీ కారు బయటికి తీశారా, డాక్టర్ గారూ?"

ఎర్మెక్ నవ్వబోయి, ఇంట్లో చావు జరిగిందన్న సంగతి గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"తీస్తే నేను చెప్పాలా, కెప్టెన్ గారూ? ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. నెలరోజుల్నించీ అది కారు కాదు, ట్యాంకు. స్టార్ట్ చేస్తే నాలుగో అంతస్తులో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు."

"అంత చప్పుడెందుకు?"

"సైలెన్సర్ పక్కన పొగగొట్టంలో ఒక మూత ఉంటుంది. తెరుచుకుంటే గర్జిస్తుంది, మూసుకుంటే పిల్లిలా పోతుంది. ఆ మూతని తిప్పే చిన్న మోటారు కాలిపోయింది. మూత తెరుచుకునే ఉండిపోయింది. కొత్తది జర్మనీ నుంచి రావాలి. ఇంకా రాలేదు."

కెప్టెన్ బూరుల్ అతని మొహంలోకే చూస్తోంది. కిర్గిజ్ రాజధాని బిష్కెక్ క్రిమినల్ పోలీసులో చేరినప్పటి నుంచీ ఆమె అబద్ధాలు చాలా విన్నది. ఇది అబద్ధంలా లేదు. అదే ఆమెకి నచ్చలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఎర్మెక్ మామగారు, పేరున్న గుండె డాక్టరు, ప్రొఫెసర్ కాదిర్‌కుల్, కొండ కింద తోట ఇంట్లో చచ్చి పడివున్నాడు. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. దెబ్బ కొట్టిన ఇనప కడ్డీ పొయ్యి పక్కనే ఉంది, శుభ్రంగా తుడిచి. మర్నాడు ఆయన ఆరోగ్యశాఖ విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. ఎర్మెక్ నడుపుతున్న ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ల పాప ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం వదిలింది. ఆ రోజు ఆ గదిలో జరిగిందేమిటో ప్రొఫెసర్ కళ్లారా చూశాడు. చూసింది చెప్పకుండానే మట్టిలో కలిసిపోయాడు.

శవాన్ని మొదట చూసిన అధికారి బూరుల్. బల్ల మీద రెండు టీ గిన్నెలు ఉన్నాయి. రెండూ బీరువాలోంచి తీసిన మంచి గిన్నెలు. ఆప్రికాట్ జామ్ చిన్న పళ్లెంలో వేసి అతిథి వైపు జరిపి ఉంది. వచ్చిన మనిషి ఎవరో గానీ, ఆ ముసలాయన చేతులారా మర్యాద చేసిన మనిషి.

ఆ సాయంత్రమే కేసు ఆమె చేతిలోంచి పోయింది. మంత్రిత్వ శాఖ ప్రత్యేక విభాగం నుంచి మేజర్ ఉలుక్‌మాన్ వచ్చి తీసేసుకున్నాడు. తోట కాపలా కాసే ఓస్కోన్‌ని పట్టుకున్నాడు. ఓస్కోన్ ఎప్పుడో కుర్రతనంలో కొట్లాట కేసులో జైలుకెళ్లొచ్చాడు. ఇంకేం కావాలి? గురువారానికల్లా ఒప్పుకున్నాడు. ఎలా ఒప్పుకున్నాడో బూరుల్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. రేపు పొద్దున అతన్ని పెద్ద జైలుకి తరలిస్తారు. ఆ గేటు లోపలికి పోయినవాడి మాట మళ్లీ ఎవరూ వినరు.

"సోమవారం రాత్రి నుంచి నాకు జ్వరం. నా భార్య జిబెక్ ఇంజెక్షన్ చేసింది. మంగళవారం మధ్యాహ్నం పోలీసులు తలుపు కొట్టేదాకా ఒళ్లు తెలీదు," అన్నాడు ఎర్మెక్.

"ఒళ్లు తెలియకుండా పడుంటే, కారు కదల్లేదని మీకెలా తెలుసు?"

"ఆ చప్పుడుకి శవం కూడా లేచి..."

మాట సగంలో మింగేశాడు. పక్క కుర్చీలో కూర్చున్న అతని భార్య జిబెక్ కళ్లు ఎత్తలేదు. నల్లటి తలగుడ్డ కింద ఆమె మొహం కాగితంలా ఉంది. లేచి, బూరుల్ ముందున్న గిన్నెలో చల్లారిన టీ పారబోసి వేడిది పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు.

"నేను ఈయన పక్కనే ఉన్నాను," అంది మెల్లగా. "అక్కా, మా నాన్నని చంపినవాడు దొరికాడన్నారు కదా? మళ్లీ ఇవన్నీ ఎందుకు?"

"అలవాటమ్మా. కారు తాళం ఒకసారి ఇస్తావా?"

జిబెక్ గోడకున్న మేకు నుంచి తాళంచెవి తీసిచ్చింది. మారు ప్రశ్న అడగలేదు.

* * *

కింద గ్యారేజీల వరస ముందు క్లావ్దియా పెత్రోవ్నా పాత కార్పెట్టుని కర్రతో బాదుతోంది. డెబ్భై దాటిన రష్యన్ ముసలమ్మ. ఎర్మెక్ గ్యారేజీకి సరిగ్గా ఎదురుగా ఆమె వంటగది కిటికీ.

"మేజరు అడిగాడు, చెప్పాను. నువ్వూ అడుగు, చెబుతాను. నాకింకేం పని?" అంది కర్ర ఆపకుండా. "మంగళవారం ఆ దయ్యప్పిల్ల అరవలేదు. నెలరోజుల తర్వాత ఆ ఒక్క పొద్దునే నేను కడుపారా నిద్రపోయాను. కావాలంటే రాసుకో."

"సోమవారం?"

"సోమవారం మధ్యాహ్నం అరిచింది. సూప్ తిరగబోస్తున్నాను, ఉలిక్కిపడి గరిటె వదిలేశాను. పొయ్యంతా పాడు. కిటికీ తీసి తిట్టేలోపు మలుపు తిరిగిపోయింది."

"ఎవరు నడుపుతున్నారు?"

"పొగ కనపడింది. మనిషి కనపడలేదు."

"తిరిగి ఎప్పుడొచ్చింది?"

ముసలమ్మ కర్ర గాల్లోనే ఆగింది.

"తిరిగి... రావడం వినలేదే!"

"నిద్రపోయారేమో."

"నేనా? పగలా? ఆ కారు వస్తుంటే చచ్చినవాళ్లు కూడా నిద్రపోరమ్మాయ్. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుని చిక్కుళ్లు ఒలిచాను."

"మరి ఆ తర్వాత మళ్లీ ఎప్పుడు విన్నారు?"

"బుధవారం. చీకటి పడే ముందు వచ్చింది. గాజులు అదిరిపోయాయి. ఇంట్లో శవం లేచి నాలుగు ఘడియలు కాలేదు, వీళ్లకి షికార్లేమిట్రా అని తిట్టుకున్నాను."

"వచ్చింది సరే. అంతకుముందు వెళ్లడం విన్నారా?"

క్లావ్దియా పెత్రోవ్నా కర్ర కింద పెట్టేసింది. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు, బెదురు ఉంది.

"లేదమ్మాయ్. వెళ్లడం వినలేదు."

సోమవారం వెళ్లిన కారు తిరిగి రాలేదు. బుధవారం వెళ్లని కారు తిరిగి వచ్చింది. ఎవరూ ఆ ముసలమ్మని ఈ ప్రశ్న అడగలేదు. కారు మంగళవారం అరిచిందా అని ఒక్కటే అడిగారు.

బూరుల్ గ్యారేజీ తలుపు తీసింది. నల్లటి కారు. టైర్ల మీద, కింది అంచుల మీద చలికాలం రోడ్ల మీద చల్లిన ఉప్పు ఇంకా తెల్లగా అంటుకుని ఉంది. ఆమె జాక్ పెట్టి వెనక వైపు ఎత్తింది. చక్రాల కింద ఇటుకలు పెట్టింది. కోటు విప్పి బానెట్ మీద పడేసి, అట్టముక్క పరుచుకుని, టార్చి పళ్లతో కరుచుకుని వెల్లకిలా కిందికి జారింది. ఆమె మొగుడు బతికినన్నాళ్లూ సగం కాలం కారు కిందే గడిపాడు. స్పానర్లు అందించీ అందించీ ఆమెకి ఈ చీకటి బాగా అలవాటు.

సైలెన్సర్. దాని పక్కన పొగగొట్టం. గొట్టం మీద పిడికిలంత నల్లటి డబ్బా. అదే మోటారు. దాని ఒంటి నిండా ఉప్పు, బురద, కాలిన తారు గట్టిగా పేరుకుని ఉన్నాయి. ఎన్నో చలికాలాలు చూసిన డబ్బా. మూత వైపు వెళ్లే చిన్న ఇరుసుని వేలితో తోసింది. కదల్లేదు. మూత తెరుచుకునే ఉంది. ఎర్మెక్ చెప్పినట్టే.

అంతా అతను చెప్పినట్టే ఉంది.

టార్చి కొంచెం పక్కకి తిప్పింది. డబ్బాని గొట్టానికి బిగించిన మూడు నట్లు తళుక్కున మెరిశాయి.

"దిగేటప్పుడు చెప్పుంటే నేను దుప్పటి తెచ్చేవాణ్ణి కదా!"

కారు పక్కన పాలిష్ చేసిన బూట్లు నిలబడ్డాయి. ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలుసు. పోలీసు కాలేజీలో ఆమెకంటే రెండేళ్లు పెద్ద. అప్పుడూ ఇంతే, అన్నిట్లో తనే ముందుండాలి.

"ఉలుక్‌మాన్ అన్నా, కాస్త పక్కకి జరుగు. వెలుతురు అడ్డం."

"కేసు నాది. సాక్షి నా సాక్షి. గ్యారేజీ నేను చూసేసిన గ్యారేజీ. పైకెళ్తే ఆ డాక్టరు నా మీద పడ్డాడు, ఒకసారి అడిగినవి మళ్లీ అడుగుతారా అని. ఏం బూరుల్, కేసు చేజారిందని నిద్ర పట్టట్లేదా?"

"నీకు పడుతోందా?"

"హాయిగా. ఓస్కోన్ ఒప్పుకున్నాడు."

"ఏ చేత్తో కొట్టానన్నాడు?"

బూట్లు కదిలాయి.

"ఏమిటీ?"

"కుడి చేతి వేళ్లు మూడు లేవు అతనికి. రంపం మిల్లులో పోయాయి. తల వెనక ఒకే దెబ్బ, ఎముక లోపలికి దిగిపోయింది. ఏ చేత్తో కొట్టాడో అడగలేదా, ఒప్పుకున్నాడు కదా అని సంతకం పెట్టించేశావా?"

"నోరు జాగ్రత్త, కెప్టెన్."

"నోట్లో టార్చి ఉంది, మేజర్ గారూ. అందుకే మెల్లగా మాట్లాడుతున్నాను. ఖరీదైన కోటు అని చూసుకోకుండా ఒక్కసారి కిందికి రా. చూసి, నేను తప్పంటే నా మీద ఫిర్యాదు నువ్వే రాయి, నేను సంతకం పెడతాను."

ఆ ఖరీదైన కోటు సిమెంటు నేల మీద పడింది. ఉలుక్‌మాన్ గొణుక్కుంటూ పక్కకి జారి వచ్చాడు. బూరుల్ టార్చి చేతిలోకి తీసుకుంది. ఇద్దరి తలల మధ్య ఆ నల్ల డబ్బా.

"ఇది కాలిపోయిన మోటారు. ఎప్పటిది?" అంది బూరుల్.

"కారంత వయసుంటుంది. చూస్తే తెలియట్లా?"

"మరి నట్లు?"

అతను మెడ సాచి చూశాడు.

"ఇక్కడ వేడి, ఉప్పునీళ్లు. ఒక్క చలికాలానికే నట్లు తుప్పు పట్టి గొట్టంలో కలిసిపోతాయి. పాత మోటారు విప్పాలంటే వాటిని కోసేయాల్సిందే. కోశాక కొత్తవి పెట్టాల్సిందే. బాగుంది. ఎవరైనా ఈ నట్లు కోసి, శ్రమపడి కింద పడుకుని, కొత్త నట్లు ఎందుకు పెడతారు?"

"కొత్త మోటారు బిగించడానికి."

"ఏదీ కొత్త మోటారు?"

ఉలుక్‌మాన్ ఆ డబ్బాని వేలితో తడిమాడు.

"ప్లగ్ చూడు," అంది. "పైనంతా బురద, లోపలి అంచు శుభ్రం. రెండు మూడు సార్లు పీకి పెట్టారు. మధ్యలో ఇక్కడ ఇంకో మోటారు ఉంది అన్నా. కొత్తది. పనిచేసేది. అది ఉన్నన్నాళ్లూ మూత మూసుకుంది. కారు పిల్లిలా పోయింది, పిల్లిలా వచ్చింది. పదిమంది కార్లలో అదొకటి, ఎవరు తలెత్తి చూస్తారు? పని అయిపోయాక కొత్తది పీకేసి, కాలిపోయిన పాతదాన్నే మళ్లీ పెట్టారు. నువ్వు గురువారం వచ్చి స్టార్ట్ చేస్తే గర్జించింది. ఈ కారు మంగళవారం కదిలుంటే ఊరంతా వినేది అని నువ్వే రాసుకున్నావు."

"రాసుకున్నాను," అన్నాడు ఉలుక్‌మాన్. వెటకారం పోయింది.

"నువ్వు చెవులతో దర్యాప్తు చేస్తావని వాళ్లకి ముందే తెలుసు."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకి వెంటనే అనిపించింది. ఉలుక్‌మాన్ మాత్రం కోప్పడలేదు. ఆమె చేతిలోంచి టార్చి తీసుకుని నట్టు దగ్గరికి పెట్టాడు. నట్టు మీదుగా బోల్టు మీదికి సన్నటి ఎర్ర రంగు గీత ఉంది. మూడింటికీ ఉంది.

"ఇది మెకానిక్ ఇల్దార్ గీత," అన్నాడు నెమ్మదిగా. "తను బిగించిన ప్రతి నట్టు మీదా గీస్తాడు. రేపు ఎవడూ వచ్చి నువ్వు సరిగ్గా బిగించలేదని అనకుండా. నా కారు కింద కూడా ఉన్నాయి."

కారు కింద నుంచి ముందు అతనే బయటికొచ్చాడు. లేచి, చెయ్యి చాచి, ఆమెని లేపాడు. చొక్కా వీపంతా నల్లగా అయిపోయింది. దులుపుకోలేదు.

"ఎర్మెక్ పారిపోకుండా కింద ఒకణ్ణి పెడతాను," అన్నాడు. "నా బండిలో పోదాం పద."

* * *

ఇల్దార్ వర్క్‌షాపు పాత కార్ల బజారు వెనక ఉంది. ఇల్దార్ మాత్రం లేడు. ఎక్కడికో విడిభాగాలు చూడ్డానికి పోయాడన్నారు. ఫోను ఎత్తడం లేదు. ఇద్దరూ బండిలోనే కూర్చున్నారు. ఎదురుగా పలావు కొట్టు మూసేసి ఉంది. శుక్రవారం, మధ్యాహ్నం నమాజు వేళ. వీధంతా ఖాళీ.

"ఓస్కోన్‌ని నేను కొట్టలేదు," అన్నాడు ఉలుక్‌మాన్ అద్దంలోంచి బయటికి చూస్తూ.

"నువ్వు కొట్టావని నేననలేదు."

"గదిలో లేనంతే."

ఆమె వర్క్‌షాపు వైపే చూస్తోంది. అతనే మళ్లీ అన్నాడు. "వేళ్ల సంగతి నేను చూడలేదు బూరుల్. వాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. సిగ్గనుకున్నాను."

నమాజు ముగిసి జనం వీధిలోకి రావడం మొదలైంది. అప్పుడు వచ్చాడు ఇల్దార్, లావుపాటి తాతార్ మనిషి, రెండు బంగారు పళ్లు. మేజర్ని చూడగానే రెండు చేతులూ చాచాడు.

"మేజర్ అన్నా! కారు మళ్లీ ఏమైనా పేచీ పెట్టిందా? పెట్టకూడదే! నా చేయి పడ్డాక ఈ ఊళ్లో ఏ కారూ..."

"నల్ల జర్మన్ కారు. పొగగొట్టం మోటారు మార్చావు. సోమవారం," అంది బూరుల్.

ఇల్దార్ చేతులు కిందికి వచ్చాయి.

"యాక్చుయేటర్ అంటారక్కా దాన్ని. మార్చాను. మార్చడం నేరమా?"

"ఎలా మార్చావో చెప్పు."

"ఎలా అంటే? అరగంట పని. ప్లగ్ పీకాను. నట్లు మూడూ తుప్పు పట్టి చచ్చాయి, కోసేశాను. పాత డబ్బా దింపాను. ఇరుసు పట్టేసి ఉంటే నూనె పోసి, వేడి చేసి, కదిలేదాకా అటూ ఇటూ ఆడించాను. జర్మనీ నుంచి వచ్చిందని వాళ్లే తెచ్చిచ్చిన కొత్త డబ్బా స్ప్రింగు ఇరుసులో కూర్చోబెట్టాను. కొత్త నట్లు, ఎర్ర గీత. స్టార్ట్ చేస్తే ఇంజన్ తిరుగుతోందా లేదా అని బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాల్సొచ్చింది. అంత నిశ్శబ్దం. నేనే మురిసిపోయాను."

"మళ్లీ బుధవారం?"

ఇల్దార్ బంగారు పళ్లు కనపడకుండా పోయాయి. పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు.

"బుధవారం వచ్చి, కొత్తది తీసేసి పాతది పెట్టమన్నారు. పనిచేసేదాన్ని పీకి కాలిపోయినదాన్ని పెట్టడమేమిటి, పిచ్చా అన్నాను. నా జీవితంలో అలాంటి పని చెయ్యలేదక్కా. పాత డబ్బా చెత్తలోంచి వెతికి తీశాను. అది మూతని మూయలేదు గనక, మూత తెరిచి బిగించాను."

"డాక్టర్ ఎర్మెక్ ఏమన్నాడు ఎందుకని అడిగితే?"

"డాక్టరా?" ఇల్దార్ తలెత్తాడు. "డాక్టరు రాలేదక్కా. ఆయన భార్య వచ్చింది. రెండుసార్లూ ఆవిడే."

ఉలుక్‌మాన్ ఒక అడుగు ముందుకేశాడు.

"సోమవారం వచ్చినప్పుడు, మా నాన్నకి చప్పుడు పడదు, ఆయన దగ్గరికి వెళ్లాలి, మా ఆయనకి చెప్పకు, తనే విని ఆశ్చర్యపోవాలి అంది. నవ్వుతూనే చెప్పింది. మంచి పిల్ల అనుకున్నాను. బుధవారం తలకి నల్లగుడ్డ కట్టుకుని వచ్చింది. ఎందుకమ్మా ఈ పని అంటే, 'నాన్న పోయాడు అన్నా. ఇప్పుడా నిశ్శబ్దంలో కూర్చోలేకపోతున్నాను, భయమేస్తోంది' అంది. తండ్రి పోయిన ఆడపిల్లతో నేనేం వాదించను? చేసిచ్చాను. పట్టుకున్నారన్నారు కదా ఎవడో కాపలావాణ్ణి? నన్నెవరూ ఏమీ అడగలేదు."

వర్క్‌షాపులో ఎక్కడో గాలి పైపు బుసకొట్టి ఆగింది.

పొద్దుట ఆ ఇంట్లో బూరుల్ రెండు గంటలు కూర్చుంది. ఆ రెండు గంటలూ ఎర్మెక్ మొహమే చూసింది. తన గిన్నెలో టీ పోసిన చేతుల్ని చూడలేదు.

"అన్నా," అంది. "ఆ పాప ఆపరేషన్. కోసింది ఎర్మెక్ మనిషి, ఆసుపత్రి ఎర్మెక్‌ది. అందుకని సాక్ష్యం ఎర్మెక్ మీదే అనుకున్నాం, నువ్వూ, నేనూ. పాపకి మత్తుమందు ఇచ్చిందెవరు?"

ఉలుక్‌మాన్‌కి తెలుసు. విచారణ సంఘం కాగితాలు అతను చదివాడు. చదివి పక్కన పెట్టాడు.

"జిబెక్. అక్కడ మత్తు డాక్టరు ఆమే," అన్నాడు.

"ఆయన కూతుర్ని పిలిచుంటాడు. మంచి గిన్నెలు తీశాడు. జామ్ పెట్టాడు. రేపు నేను చెప్పేలోపు నువ్వే వెళ్లి చెప్పెయ్ అనుంటాడు. చెప్పి, పొయ్యిలో కట్టెలు సర్దడానికి వెనక్కి తిరిగుంటాడు."

బూరుల్ మిగతాదీ మనసులో పేర్చుకుంది. జిబెక్ భర్తకి ఇంజెక్షన్ చేసి నిద్రపుచ్చింది. చప్పుడు లేకుండా తండ్రి దగ్గరికి వెళ్లింది. చప్పుడు లేకుండా తిరిగొచ్చింది. ముందు రోజే మోటారు మార్పించింది. అంటే తండ్రి ఏమంటాడో, తనేం చేస్తుందో, వెళ్లకముందే ఆమెకి తెలుసు.

"పద. ఇప్పుడే వెళ్లి పట్టుకుందాం," అంది బండి వైపు నడుస్తూ.

ఉలుక్‌మాన్ కదల్లేదు. అతని మొహంలో రంగు లేదు.

"బూరుల్. ఇందాక నేను వాళ్లింటికి పైకి వెళ్లానే. అప్పుడామె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాన్న పేరు మీద బోర్సోక్ పిండిముక్కలు వేయించాను, మాంసం షోర్పో చారు కాచాను, ఆ ఓస్కోన్‌కి నా చేత్తో పంపిస్తాను, వాణ్ణి క్షమిస్తే గానీ నాన్న ఆత్మకి శాంతి ఉండదు అంది. నా కళ్లమ్మట నీళ్లొచ్చాయి." అతను నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "రానివ్వమని లాకప్‌కి నేనే ఫోన్ చేశాను."

ఒప్పుకున్న ఖైదీ లాకప్‌లో చనిపోతే ఇక విచారణ లేదు. కేసు అక్కడితో ముగిసిపోతుంది.

ఉలుక్‌మాన్ ఫోను తీసి నొక్కాడు. స్పీకర్ పెట్టాడు. రెండో చేత్తో బండి తలుపు తీస్తున్నాడు. అవతల చాలాసేపు మోగింది.

"తాబాల్దీ!" అని అరిచాడు. "ఓస్కోన్‌కి ఎవరైనా తిండి తెచ్చారా?"

"తెచ్చారు మేజర్ గారూ." లాకప్ కాపలా సార్జెంట్ గొంతు తీరిగ్గా, నింపాదిగా ఉంది. "ఆ ప్రొఫెసర్ గారి కూతురు. ఎంత మంచి మనసండీ ఆవిడది! పాపం వీడు నాలుగు రోజుల్నించీ ముద్ద ముట్టలేదు. గిన్నె నాకి మరీ తిన్నాడు. ఏడుస్తూ తిన్నాడు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"పడుకున్నాడు. ఇందాకటిదాకా గురక పెట్టాడు. ఇప్పుడు... ఇప్పుడు పెట్టడం లేదు."

"తలుపు తీసి లేపు! వెంటనే లేపు! ఇంకెవరున్నారక్కడ?"

"ఎవరూ లేరు మేజర్ గారూ. నమాజుకెళ్లారు, ఇంకా రాలేదు. లేపుతాను... తాళంచెవి ఇక్కడే... ఎక్కడో పెట్టాను." కుర్చీ నేల మీద రాసుకున్న చప్పుడు. మళ్లీ కూర్చున్న చప్పుడు. "ఏమనుకోకండి. చనిపోయినాయన పేరు మీద ఇస్తే కాదనకూడదంది. నేనూ ఒక గిన్నె తాగాను. చాలా... బాగుంది."

"తాబాల్దీ! లే! బయటికి నడువు! నోట్లో వేలు పెట్టుకుని కక్కు!"

ఏదో బరువైనది బల్లకి తగిలి కింద పడింది. బూరుల్ అప్పటికే తన ఫోనులో అంబులెన్స్ వాళ్లకి లాకప్ అడ్రసు చెబుతోంది. ఉలుక్‌మాన్ ఫోనుని రెండు చేతులతో పట్టుకుని ఆ పేరునే మళ్లీ మళ్లీ అరుస్తున్నాడు.

అవతల ఎవరో ఫోను ఎత్తారు. మెల్లటి ఊపిరి. ఆ తర్వాత ఒక ఆడగొంతు, పొద్దుట టీ పోస్తూ మాట్లాడినంత మర్యాదగా వినిపించింది.

"గిన్నెలు పట్టుకెళ్దామని వచ్చాను, మేజర్ గారూ. ఇక్కడ అందరూ నిద్రపోతున్నారు."